సత్తా ఉంటే అదే బయటపడుతుందన్న అబద్ధం

ఏ పారిశ్రామికవాడలో ఏ యజమానిని కదిపినా ఒకటే మాట: మనుషులు దొరకడం లేదు. ఆర్డర్లకు కొదవ లేదు, బ్యాంకు అప్పిస్తానంటోంది, డబ్బు పెడితే యంత్రాలు వస్తాయి, పని తెలిసినవాళ్ళే లేరంటారు. మరి ఇప్పటికే మీ దగ్గరున్న రెండొందల మంది మాటేమిటని అడిగి చూడండి. వాళ్ళ సంగతి మాకు తెలియదా, వాళ్ళలో అంత విషయం ఉంటే ఈపాటికి బయటపడకుండా ఉంటుందా అని ఎదురు ప్రశ్న వస్తుంది. చర్చ అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే వినేవాళ్ళకూ అది సబబుగానే తోస్తుంది. సత్తా ఉన్నవాడు ఎక్కడున్నా పైకొస్తాడని బడిలో విన్నాం, ఇంట్లో విన్నాం, సన్మాన సభల్లో విన్నాం. దాన్నే తిరగేసి చదివితే పైకి రానివాడిలో సత్తా లేదని అర్థం. యజమాని చదివేది అలాగే.

ఈ నమ్మకం తప్పు. పెరుగుతున్న వ్యాపారాలకు డబ్బు రూపంలోనూ, వాటిలో పనిచేసేవాళ్ళకు బతుకు రూపంలోనూ నష్టం చేస్తున్న తప్పు. సంస్థ పెరిగేకొద్దీ మనుషుల నైపుణ్యం పైవాళ్ళ కంటికి ఆనకుండా పోతుంది. దాన్ని కప్పేది ఆ పెరుగుదలే. కాబట్టి దాన్ని వెలికితీసే బాధ్యత సంస్థది, యజమానిది. ఆ బాధ్యతను కార్మికుడి మీదికి తోసేసి, వాడే చెప్పుకోవాల్సింది అనడం అన్యాయం.

పదిహేను మందితో నడిచే షెడ్డును గుర్తు చేసుకోండి. అక్కడ యజమాని అందరితో కలిసి టీ తాగుతాడు. డ్రైవరు ఒకప్పుడు వెల్డింగ్ చేశాడని, అకౌంట్స్ కుర్రాడికి నాందేడ్ వైపు మేనమామ ఉన్నాడని, వాడు మరాఠీ మాట్లాడగలడని ఆయనకు తెలుసు. మహారాష్ట్ర నుంచి డీలరు ఫోన్ చేస్తే ఆ కుర్రాడినే పిలుస్తాడు. దీనికి ఏ రిజిస్టరూ అక్కర్లేదు. అదే షెడ్డు పదేళ్ళలో మూడు యూనిట్లయి, మూడు షిఫ్టులయి, రెండొందల మంది అయ్యాక ఏమవుతుంది? మధ్యలో సూపర్‌వైజర్లు వస్తారు, వాళ్ళ మీద మేనేజర్లు వస్తారు, హెచ్ఆర్ అనే గది వస్తుంది. మనిషి గురించి సంస్థకు తెలిసేవి హోదా, ఈఎస్ఐ నంబరు, వేలిముద్ర యంత్రంలో నమోదైన టైము. ఆ కుర్రాడు ‘జూనియర్ అకౌంటెంట్’ అయిపోతాడు. మరాఠీ వచ్చినవాళ్ళు కావాలని సంస్థ నౌకరీ డాట్ కామ్‌లో ప్రకటన ఇస్తుంది. కుర్రాడి మరాఠీ ఎక్కడికీ పోలేదు. దాని గురించి తెలిసిన మనిషికీ అతనికీ మధ్య నాలుగు అంతస్తులు లేచాయి.

జీడిమెట్లలో కారప్పొడి ప్యాక్ చేసే ఒక యూనిట్‌లో నేను చూసింది చెబుతాను. ప్యాకెట్లు సీలు దగ్గర విడిపోతున్నాయని డీలర్లు సరుకు వెనక్కి పంపుతున్నారు. యంత్రం అమ్మిన కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చాడు, లాడ్జిలో దిగాడు, హీటరు మార్చాడు, టెంపరేచర్ కంట్రోలరు మార్చాడు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలు. లైను చివర కూర్చుని ప్యాకెట్లను అట్టపెట్టెల్లో సర్దే ఒకావిడ ప్రతి ప్యాకెట్‌నూ అరచేత్తో ఒకసారి నొక్కి, అప్పుడు పెట్టెలో వేస్తోంది. ఎందుకమ్మా అలా నొక్కుతున్నావంటే, గాలి పోయేది చేతికి తెలుస్తుందని చెప్పింది. ఏ రోజు ఎక్కువ పోతుందో కూడా ఆమెకు తెలుసు. పొడి మరీ మెత్తగా ఆడించిన రోజున అది పైకి లేచి సీలు వేసే దవడలకు అంటుకుంటుంది. పొడి మధ్యలో ఇరుక్కున్నచోట ప్లాస్టిక్ అతుక్కోదు. తన షిఫ్టులో రోలు మార్చేటప్పుడల్లా ఆపరేటర్ అబ్బాయి చేత ఆ దవడలు గుడ్డతో తుడిపిస్తుంది. రాత్రి షిఫ్టులో ఆ పని చేసేవాళ్ళు లేరు. వెనక్కొచ్చిన పెట్టెల మీది షిఫ్టు గుర్తులు చూస్తే చాలావరకు రాత్రివే. ఇది ముందే చెప్పొచ్చు కదా అన్నాను. “నన్ను ఎవ్వరడిగిన్రు సార్? అడగకుండ చెప్తే మిషన్ సార్‌కు కోపమొస్తది” అంది. ఆమె పేరు ఆ కంపెనీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. కాంట్రాక్టరు మస్టర్‌లో ఉంది.

సత్తా ఉంటే అదే బయటపడుతుందనేవాళ్ళు ఈ మాటకు ఏం జవాబిస్తారు? ఆమెకు తెలుసు. రోజూ చేసి చూపిస్తోంది. అందరి కళ్ళ ముందే జరుగుతోంది. అయినా బయటపడలేదు.

ఇది చిన్న యూనిట్ కథ, పెద్ద సంస్థల్లో పద్ధతులుంటాయి అంటారా? అయితే అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల కంపెనీ కథే చూద్దాం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కర్మాగారం ఉండేది. అక్కడి కార్మికులంటే అమెరికా కార్ల పరిశ్రమలోనే అధ్వానమని పేరు. రోజూ వందలో ఇరవై మంది దాకా పనికి రారు, తాగుడు, గొడవలు, నాసిరకం కార్లు. 1982లో దాన్ని మూసేశారు. రెండేళ్ళ తర్వాత జనరల్ మోటార్స్, టొయోటా కలిసి నుమ్మి అనే పేరుతో అదే కర్మాగారాన్ని తెరిచాయి. నడిపే బాధ్యత టొయోటాది. ఎవరిని తీసుకున్నారు? మొదట చేరినవాళ్ళలో దాదాపు 85 శాతం ఆ పాత కార్మికులే. యూనియన్ అదే, దాని నాయకులూ చాలావరకు వాళ్ళే. రెండేళ్ళు తిరిగేసరికి జనరల్ మోటార్స్ కర్మాగారాలన్నిటిలోకీ ఉత్పాదకతలో అది ముందుంది, నాణ్యతలో టొయోటా జపాన్ కార్లతో పోల్చదగ్గ స్థాయికి వచ్చింది. గైర్హాజరు మూడు నాలుగు శాతానికి దిగింది.

అది జపాన్ పద్ధతి గొప్పతనం, అమెరికా కార్మికుడిది కాదనే జవాబు నేను చాలాసార్లు విన్నాను. పద్ధతి గొప్పదే. అయితే ఆ పద్ధతిలో ఏముందో కాస్త దగ్గరికి వెళ్ళి చూడాలి. మామూలు ఫ్యాక్టరీల్లో స్టాప్‌వాచ్ పట్టుకునేది ఇంజనీరు. కార్మికుడి వెనక నిలబడి, ఏ పనికి ఎన్ని సెకన్లు పట్టాలో తేల్చేది ఆయన. నుమ్మిలో ఆ స్టాప్‌వాచ్‌ను కార్మికుల చేతికే ఇచ్చారు. జట్టులోని వాళ్ళు ఒకరి పనిని ఒకరు కొలిచి, ఎవరు ఏ కదలికను సులువుగా చేస్తున్నారో పట్టుకుని, ఆ పనికి ప్రామాణిక పద్ధతిని తామే రాశారు. అంటే పక్కవాడి చేతిలో ఉన్న నేర్పును చూడటం, దాన్ని కాగితం మీద పెట్టడం రోజువారీ పనిలో భాగమైంది. 1982కు ముందు కూడా ఆ నేర్పు ఆ చేతుల్లోనే ఉంది. చూసే ఏర్పాటే లేదు.

మనకు మాత్రం ఇది కొత్తా? దేశంలో మొట్టమొదటి క్వాలిటీ సర్కిళ్ళు 1980లో పుట్టింది మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో. జపాన్‌లో 1962లో కౌరు ఇషికావా చొరవతో మొదలైన ఆలోచన అది: ఒకేచోట పనిచేసే కొద్దిమంది వారంలో కాసేపు కూర్చుని తమ పనిలోని సమస్యను తామే పట్టుకుని, తామే పరిష్కారం వెతకడం. 1982లో ఈ ఉద్యమం కోసం ఏర్పడిన జాతీయ సంస్థ క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కేంద్రం కూడా సికింద్రాబాదే. టర్నరు, ఫిట్టరు, క్రేన్ ఆపరేటరు కూర్చుని మాట్లాడితే ఇంజనీర్లకు తట్టనిది తడుతుందని దేశానికి చూపించిన నేల ఇది. నలభై ఏళ్ళు దాటాక అదే నేల మీద కొత్తగా పెరుగుతున్న కంపెనీలు “మా వాళ్ళకేం తెలుసు” అంటుంటే బాధ కలుగుతుంది. కొన్నిచోట్ల సర్కిల్ అనేది పోటీల సీజన్లో బయటికి తీసే చార్టుగా మిగిలిపోయింది. ఏడాదంతా వినని మాటను ఒక్కరోజు వేదిక మీద చెప్పించి జ్ఞాపిక ఇస్తారు. దాన్ని వినడం అనలేం.

ఇక్కడ ఎదుటి పక్షం తమ బలమైన సాక్షిని తెస్తుంది. చింతకింది మల్లేశాన్ని చూడండి అంటుంది. ఆలేరు ప్రాంతపు పద్మశాలి కుటుంబంలో పుట్టి, ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. తేలియా రుమాలు, పోచంపల్లి చీరలకు నూలు సిద్ధం చేసేటప్పుడు ఆసు పోయడం అనే పని ఉంటుంది. మేకుల చుట్టూ నూలును అర్ధవలయంలో వేల సార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం ఆ పనితో పడుతున్న బాధ చూడలేక ఆయన ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారు చేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చూశారా, సత్తా ఉంది కాబట్టి పైకొచ్చాడు కదా అంటారు.

మల్లేశం పట్ల నాకున్న గౌరవం వల్లే ఈ వాదనను ఒప్పుకోలేను. ఆ యంత్రం కోసం డబ్బు కూడబెట్టుకుంటున్న రోజుల్లో ఆయన హైదరాబాద్ వచ్చి ఎలక్ట్రికల్ పనులకు వెళ్ళారు. అలా బాలానగర్‌లో ఒక యూనిట్‌కు పనికి వెళ్ళినప్పుడు అక్కడి యంత్రంలోని ఒక కదలికను చూసి, తన యంత్రంలో తెగని చిక్కును విప్పుకున్నారు. ఆ రోజుల్లో ఆయన చేత పనిచేయించుకున్నవాళ్ళకు దక్కిందేమిటి? వైరింగ్. యంత్రాల కదలికను చూసి లెక్క కట్టగల బుర్రను దినకూలికి పెట్టుకుని వైరు లాగించుకున్నారు. ఆయన పైకొచ్చింది వాళ్ళ సంస్థల్లో కాదు, వాటి బయట, తన ఖర్చుతో, తన అప్పులతో. ఒక్కరు అంత మొండిగా పోరాడి గెలిచారంటే, అంత మొండితనమో, తోడు నిలిచే మనిషో లేకపోవడంతో మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఎందరో ఉంటారని అర్థం. గెలిచినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టి, ప్రతిభ దానంతటదే గెలుస్తుందని తేల్చడం లెక్క ప్రకారం తప్పు. ఓడినవాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

తర్వాతి ప్రశ్న నిజంగా జవాబు చెప్పదగ్గది. తెలిసినవాడు నోరు తెరిచి చెప్పొచ్చు కదా? ఎవరు వద్దన్నారు?

వద్దన్నది అనుభవం. షిఫ్టులో ఎవరినైనా నమ్మకంగా అడగండి: “నాకు ఆ పని కూడా వచ్చని చెబితే, అది కూడా నా నెత్తినే పడుతుంది. జీతం మాత్రం అదే.” ఎక్సెల్ బాగా వచ్చని తెలిసిన స్టోర్స్ క్లర్కు అందరి రిపోర్టులూ తనే చేయాలి. కంప్యూటర్ మొరాయిస్తే సరిచేయగలడని తెలిసిన సేల్స్ కుర్రాడు ఆదివారం కూడా ఫోన్లు ఎత్తాలి. డోనాల్డ్ రాయ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1944, 45లలో అమెరికాలో ఒక మెషిన్ షాపులో డ్రిల్లింగ్ కార్మికుడిగా చేరి ఇదే చూశాడు. పీసు రేటు మీద పనిచేసేవాళ్ళు తమకు చేతనైనదానికన్నా తక్కువ చేసి ఆపేసేవారు. తక్కువ సమయంలో చేయగలమని చూపిస్తే మర్నాడు రేటు కోసేస్తారని వాళ్ళ భయం. మేలైన కిటుకులను కొలతలు తీసేవాడి కంట పడకుండా దాచుకునేవారు. బద్ధకస్తులు ఇలా చేయలేరు. లెక్క తెలిసి, ఎంత చూపించాలో ఎంత దాచాలో తూచుకోగలిగినవాళ్ళే చేయగలరు. చూపిన నేర్పుకు శిక్ష పడేచోట దాచుకోవడమే తెలివి.

నుమ్మి మళ్ళీ గుర్తొస్తుంది. 1988లో కార్ల అమ్మకాలు పడిపోయాయి. అప్పుడు యాజమాన్యం ఎవరినీ ఇంటికి పంపలేదు. లైనులో పని లేనివాళ్ళను శిక్షణకూ, పని పద్ధతుల మెరుగుకూ మళ్ళించింది. నేను వేగంగా చేసే మార్గం చెబితే నా పక్కవాడి ఉద్యోగం పోతుందన్న భయం ఆ ఒక్క ఏడాదిలోనే సగం చచ్చిపోయి ఉంటుంది. మన యజమానులు సలహాల పెట్టె పెట్టి అందులో చీటీలు పడటం లేదని వాపోతారు. చీటీ వేసిన వాడికి తర్వాత ఏమైందో మిగతావాళ్ళంతా గమనిస్తుంటారన్న సంగతి వాళ్ళకు తట్టదు.

చెప్పాలని ఉన్నా చెప్పలేనివి కూడా ఉన్నాయి. చేతికి తెలిసినదంతా నోటికి రాదు. 1980ల మధ్యలో ఒసాకాలోని మత్సుషిత కంపెనీ ఇంట్లో రొట్టె చేసే యంత్రాన్ని తయారు చేయబోయింది. పైభాగం మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పిండిని ఎక్స్‌రే తీసి చూశారు, తేలలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో రొట్టెకు పేరుపడ్డ వంటవాడి దగ్గర శిష్యరికానికి కుదిరింది. ఆయన పిండిని పిసికేటప్పుడు ఒక ప్రత్యేకమైన తీరులో సాగదీస్తాడని ఒకరోజు ఆమె పట్టుకుంది. ఇంజనీర్లతో కలిసి ఏడాదిపాటు ప్రయోగాలు చేసి, యంత్రం గిన్నె లోపల గట్లు పెట్టించి ఆ కదలికను రాబట్టింది. ఆ వంటవాడి చేతికి నైపుణ్యాల ఫారం ఇచ్చి నింపమంటే ఏం రాసేవాడు? ‘రొట్టె చేయడం’ అని రాసేవాడు.

అందుకే ఈ మధ్య పెరుగుతున్న కంపెనీలు కొంటున్న స్కిల్ సాఫ్ట్‌వేర్లను చూసి నాకు ఆశ కలగదు. మనిషి రెజ్యూమె ఎక్కించి, చేసిన కోర్సులు టిక్కు పెట్టి, ప్రతి నైపుణ్యానికీ తనకు తానే ఐదుకు మార్కులు వేసుకోవాలి. ధైర్యం ఎక్కువున్నవాడు నాలుగు వేసుకుంటాడు. పని బాగా వచ్చినవాడు, దానిలోని లోతు తెలిసినవాడు కాబట్టి, మూడు వేసుకుంటాడు. కాంట్రాక్టు మీద పదేళ్ళుగా అదే యంత్రం నడుపుతున్నవాడికి లాగిన్ కూడా ఉండదు. ఆ డాష్‌బోర్డు మీద వెలిగేది మాట్లాడటం వచ్చినవాళ్ళ జాబితా.

దీనికి భిన్నంగా జిరాక్స్ కంపెనీ చేసిన ఒక పని నాకు ఇష్టం. యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లు మాన్యువల్ ప్రకారం పనిచేస్తారని కంపెనీ అనుకునేది. జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ళ వెంట తిరిగి చూశాడు. 1996లో దాన్ని పుస్తకంగా రాశాడు. యంత్రం ఒక ఎర్రర్ కోడు చూపిస్తుంది, మాన్యువల్ ఒక భాగం మార్చమంటుంది, మార్చినా యంత్రం కదలదు. అప్పుడు టెక్నీషియను ఇంకొకరిని పిలుస్తాడు. ఇద్దరూ యంత్రం ముందు నిలబడి, ‘ఒకసారి నాకిలా అయింది’ అంటూ పాత కథలు చెప్పుకుంటూ పోతారు. ఆ కథల్లోంచే అసలు కారణం బయటికొస్తుంది. టిఫిన్ చేస్తూ, భోజనం చేస్తూ వాళ్ళు మాట్లాడుకునేవి ఇవే. పైనుంచి చూసేవాడికి అవి వృథా కబుర్లు. వాటిలోనే ఉంది కంపెనీ ఆస్తి. దీన్ని గ్రహించాక 1990లలో జిరాక్స్ ‘యురేకా’ అనే ఏర్పాటు చేసింది. టెక్నీషియన్లు కనిపెట్టిన కిటుకులను వాళ్ళే రాస్తారు, సాటి టెక్నీషియన్లే పరీక్షించి సరైనదని తేలుస్తారు, రాసినవాడి పేరు దాని మీద ఉంటుంది. బ్రెజిల్‌లో దాదాపు 40,000 డాలర్ల రంగుల యంత్రాన్ని పూర్తిగా మార్చబోతున్న సమయంలో, కెనడాలోని మాంట్రియల్ టెక్నీషియన్ రాసిన కిటుకు ఒకటి దొరికింది. యాభై సెంట్ల చిన్న భాగం ఒకటి మారిస్తే సరిపోయింది. అందులో మేనేజర్ ముద్ర ఎక్కడా లేదు. తోటివాడి మెప్పు ఉంది, తన పేరు ఉంది.

మరి బయటినుంచి తెచ్చుకుంటే నష్టమేమిటి? మనకు చిన్నప్పుడే నూరిపోసిన సామెత ఒకటుంది: పెరటి చెట్టు మందుకు పనికిరాదు. కంపెనీలు దీన్ని విధానంగా నడుపుతున్నాయి. దాని ధర ఎంతో ఒకరు కొలిచారు. వార్టన్ స్కూల్ ఆచార్యుడు మాథ్యూ బిడ్వెల్ ఒక పెట్టుబడి బ్యాంకు అమెరికా విభాగంలో 2003 నుంచి 2009 వరకు రికార్డులు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించాడు. ఒకే స్థాయి పనికి లోపలినుంచి పైకొచ్చినవాళ్ళకన్నా బయటినుంచి తెచ్చినవాళ్ళకు దాదాపు 18 శాతం ఎక్కువ జీతం ఇచ్చారు. అయినా మొదటి రెండేళ్ళూ పనితీరు మదింపులో వాళ్ళే వెనకబడ్డారు, ఉద్యోగం మానేసిందీ మాన్పించబడిందీ వాళ్ళే ఎక్కువ. చదువు, అనుభవం మాత్రం కాగితం మీద వాళ్ళకే ఎక్కువున్నాయి. కాగితానికి ఇచ్చిన ధర అది. లోపలివాడి సామర్థ్యం కాగితం మీద లేదు కాబట్టి ధర లేదు.

లోపలినుంచే పైకి తెచ్చామని గర్వపడేవాళ్ళు కూడా ఒకసారి ఆగాలి. బెన్సన్, లీ, షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 131 అమెరికన్ కంపెనీల అమ్మకాల సిబ్బందిని పరిశీలించి 2019లో ప్రచురించారు. ఎక్కువ అమ్మినవాడికే మేనేజర్ పదవి దక్కుతోంది. ఆయన కింద పనిచేసేవాళ్ళ అమ్మకాలు మాత్రం తగ్గుతున్నాయి. ఇతరులతో కలిసి బేరాలు కుదిర్చిన అనుభవం ఉన్నవాళ్ళు మంచి మేనేజర్లు అవుతున్నారు. ఆ అనుభవం కంపెనీ రికార్డుల్లోనే ఉంది. ఎవరూ దాన్ని చూడలేదు. నెలాఖరు టార్గెట్ అంకె ఒక్కటే గోడ మీద రాశారు కాబట్టి అదొక్కటే కనబడింది.

ఇక మన దగ్గర ఇంకో జల్లెడ ఉంది, దాని గురించి మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు. మీటింగు ఇంగ్లీషులో జరుగుతుంది. ఇంగ్లీషులో చెప్పగలిగినవాడికి తెలిసినట్టు, చెప్పలేనివాడికి తెలియనట్టు. ఐటీఐ చదివి పన్నెండేళ్ళు సీఎన్‌సీ నడిపినవాడి ముందు నిన్న వచ్చిన బీటెక్ కుర్రాడు ప్రెజెంటేషన్ ఇస్తాడు. ఆ స్లైడ్లలోని విషయం ముందురోజు రాత్రి ఆ ఆపరేటరే చెప్పి ఉంటాడు. ఇంటిపేరు విని, ఊరు విని, ఏ వాడనుంచి వచ్చాడో ఆరా తీసి, వాడికి ఏ పని రావచ్చో ముందే తేల్చుకునే అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోలేదు. ఆడవాళ్ళ విషయంలో మరీ ఘోరం. స్వయం సహాయక సంఘానికి పదేళ్ళు లెక్కలు రాసి, బ్యాంకు మేనేజర్‌తో వాదించి అప్పు తెచ్చి, పదిమంది చేత కిస్తీలు కట్టించిన మనిషి ప్యాకింగ్‌లో హెల్పరుగా చేరుతుంది. వసూళ్ళు రావడం లేదని అదే కంపెనీ తల పట్టుకుంటుంది. ఇంటర్వ్యూలో ఆమెను అడిగింది ఏ తరగతి చదివావు, పిల్లలెందరు, బస్సు టైముకు రాగలవా అని.

మరేం చేయమంటారని అడిగే యజమాని నిజాయితీగా అడుగుతున్నాడనుకుందాం. ముందు సూపర్‌వైజర్ దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే నైపుణ్యం అన్నిటికన్నా ఎక్కువగా ఆగేది అక్కడే. మంచి మనిషిని పై విభాగానికి పంపితే తన లైను కుంటుపడుతుంది కాబట్టి ఆయన ఆ మనిషి పేరు బయటికి రానివ్వడు. ఆయన స్వభావాన్ని తిట్టి లాభం లేదు. తన కిందివాళ్ళు ఎందరు పైకి వెళ్ళారన్నది ఆయన ఇంక్రిమెంటులో లెక్కకు రావాలి, వెళ్ళినవాడి స్థానంలో మనిషిని వెంటనే ఇవ్వాలి. ఆ తర్వాత షిఫ్టు షిఫ్టుకూ వెళ్ళి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘నీకేమొచ్చు’ అని అడక్కండి, దానికి సరైన జవాబు రాదు. ‘పని ఆగిపోతే నువ్వు ఎవరిని పిలుస్తావు’ అని అడగండి. పాతిక మందిని విడివిడిగా అడిగితే మూడు నాలుగు పేర్లు పదే పదే వస్తాయి. వాటిలో కొన్నిటిని హెచ్ఆర్ గది ఎప్పుడూ విని ఉండదు, ఒకటో రెండో కాంట్రాక్టరు మస్టర్‌లో ఉంటాయి. ఆ పేర్లున్నవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని ఒక షిఫ్టంతా కూర్చుని చూడాలి. ఖాళీ ఏర్పడితే బయట ప్రకటన ఇచ్చే ముందు, జీతంతో సహా, తెలుగులో, క్యాంటీన్ గోడ మీద అంటించాలి. కాంట్రాక్టువాళ్ళకూ దరఖాస్తు పెట్టుకునే వీలుండాలి. కొత్త పని అప్పజెప్పిన నెలనుంచే దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి. ‘చూద్దాం, ముందు చేయి’ అన్న ఒక్క మాటతో మిగతా అందరి నోళ్ళూ మూతపడతాయి.

ప్రభుత్వం కూడా 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, అనుభవంతో పని నేర్చుకున్నవాళ్ళను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేసింది. సర్టిఫికెట్ రావడం మంచిదే. దాన్ని తెచ్చుకున్నవాడి జీతం మారకపోతే మాత్రం అది కాగితమే.

చివరి అభ్యంతరం ఒకటి మిగిలింది. నలుగురిలో పేరు పెడితే, చేతికి సర్టిఫికెట్ ఇస్తే, పక్క కంపెనీవాడు ఎగరేసుకుపోతాడు కదా అంటారు. అందుకే తెలిసినా తెలియనట్టుంటాం అని కొందరు నాతో నేరుగానే అన్నారు. సత్తా దానంతటదే బయటపడుతుందన్న మొదటి వాదన అబద్ధమని ఒప్పుకున్నట్టే ఇది. పైగా ఈ లెక్క తలకిందులుగా ఉంది. వెళ్ళిపోయేవాళ్ళలో చాలామందికి, ‘నువ్వు ఇంకేం చేయగలవు’ అని ఎవరైనా కూర్చోబెట్టి అడిగిన మొదటి చోటు పక్క కంపెనీ ఇంటర్వ్యూ గది. అక్కడ గంటసేపట్లో తేలిన విషయం ఇక్కడ ఎనిమిదేళ్ళలో తేలలేదు. రాజీనామా కాగితం బల్ల మీద పెట్టిన సాయంత్రమే ఎండీ గదికి పిలుపొస్తుంది. నీలాంటివాడు పోతే ఎలా, ఎంత కావాలో చెప్పు, హోదా మారుస్తాం అంటారు. అంత డబ్బు ఆ సంస్థ దగ్గర నిన్న కూడా ఉంది, అంత విలువ ఆ మనిషికి నిన్న కూడా ఉంది. ఆ పిలుపు ఆరు నెలల ముందు ఎందుకు రాలేదో, మనుషులు దొరకడం లేదంటున్న యజమానులు జవాబు చెప్పాలి.